డబ్బు ఇవ్వకముందే అడగండి: వీధి దుకాణాల్లో తిండి సరుకులు కొనే పద్ధతి

హైదరాబాద్‌లో ఒక ఇంటికి రోజూ ఎన్ని దుకాణాలతో పని పడుతుందో చూడండి. పొద్దున పాల ప్యాకెట్, టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ, కిరాణా కొట్టులో పప్పు, సాయంత్రం కర్రీ పాయింట్‌లో ఒక కూర, ఆదివారమైతే చికెన్. ఒక్కోచోట పోయేది రూపాయో, పది రూపాయలో, యాభై గ్రాములో. పెద్ద మొత్తం కాదు కాబట్టి అడగడానికి మొహమాటపడతాం. ఇంటికి వచ్చాక లెక్క చూసుకుని విసుక్కుంటాం. మర్నాడు మళ్లీ అక్కడికే వెళ్తాం.

ఈ చిన్న నష్టాల్లో చాలావాటిని ఆపడానికి గట్టిగా మాట్లాడనక్కరలేదు, సరైన క్షణంలో మాట్లాడితే చాలు. సరుకు తక్కెడ మీద, డబ్బు మీ చేతిలో ఉన్నప్పుడు అడిగితే అది మామూలు ప్రశ్న. డబ్బు గల్లాపెట్టెలో పడ్డాక అదే అడిగితే ఆరోపణ అవుతుంది. దుకాణదారు నలుగురిలో మాట పడాలి, మీరూ గొంతు పెంచాలి. అందుకే ఏది ఎప్పుడు అడగాలో కొనే వరుసలోనే చెబుతున్నాను.

1. చెప్పిన ధర దేనికో తేల్చుకోండి

తోపుడు బండి దగ్గర "నలభై, నలభై" అని వినిపిస్తే కిలో ధర అనుకుని సంచీ నింపుతాం. చాలాసార్లు అది అర కిలో ధర. పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి అయితే పావు కిలో ధర కావచ్చు. చేయి పెట్టకముందే "అమ్మా, కిలోకా, అర కిలోకా?" అని అడగండి. అంతే చాలు.

ఏ కూరగాయ ఏ ధరలో ఉందో తెలియకపోతే రైతు బజార్ బోర్డును ఆధారంగా పెట్టుకోండి. 1999లో మొదలైన ఈ బజార్లు నగరంలో ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం వంటి చోట్ల ఉన్నాయి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. ఆ బోర్డును చూపించి వీధిలో బండి ఆమెతో మాత్రం పేచీ పెట్టుకోకండి. ఆమె తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లి, ఆటో కిరాయి కట్టి, వాడిపోయిన సరుకు నష్టం తానే భరించి మీ గుమ్మం ముందుకు తెస్తుంది. ఆ పది రూపాయల తేడా ఆమె కూలి. కరివేపాకు రెబ్బ కోసం ఆమెను సతాయించడం నాకు ఎప్పుడూ న్యాయంగా అనిపించదు.

చికెన్ దుకాణంలో ధర దేనికన్నది మరింత ముఖ్యం. బోర్డు మీద సాధారణంగా మూడు ధరలు ఉంటాయి: లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్. రెండు కిలోల కోడిని కోసి, తోలు తీసి శుభ్రం చేస్తే చేతికి వచ్చేది దాదాపు మూడింట రెండు వంతులు. అంటే లైవ్ ధర కిలో 120 అనుకుంటే, మాంసం లెక్కన అది కిలో 180 పడినట్టు. పక్కనే స్కిన్‌లెస్ 200 అని రాసి ఉంటే అది దోపిడీ కాదు. కోసి, శుభ్రం చేసి, వ్యర్థాలు పారవేసే ఖర్చు కూడా అందులో ఉంటుంది. ఈ లెక్క తెలిస్తే రెండు దుకాణాల బోర్డులను పోల్చడం తేలిక. కోడిని పట్టుకోకముందే మూడు సంగతులు అడగాలి: తూకం శుభ్రం చేశాకా, ముందా? కార్జం, కందనకాయ తూకంలో కలిపారా? ముక్కలు చిన్నవా, పెద్దవా? ఆదివారం పది గంటలకు వరుసలో ఇరవై మంది ఉన్నప్పుడు ఇవి చెప్పే ఓపిక వాళ్లకు ఉండదు. ఏడున్నరకు వెళ్తే అన్నీ చెబుతారు.

చేపలకు తూకం శుభ్రం చేయకముందే వేయడం ఆనవాయితీ. రాంనగర్ చేపల మార్కెట్ లాంటి చోట్ల కోసి ఇచ్చేవాళ్లు వేరు, వాళ్ల కూలీ వేరు. అది ముందే మాట్లాడుకోండి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనును తొట్టిలో బతికుండగానే అమ్ముతారు కాబట్టి, తక్కెడ మీద పెట్టేముందు నీళ్లు ఓడ్చమనండి. చచ్చిన చేపలైతే మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను లోపలికి పోయి ఉన్నా, వేలితో నొక్కిన గుంట అలాగే ఉన్నా వదిలేయండి.

మటన్ దగ్గర వేలాడుతున్న మాంసం మీద పురపాలక కబేళా ముద్ర ఉందో లేదో చూడండి. ఖీమా ముందే కొట్టి పెట్టినది కొనకండి. ముక్క ఎంచుకుని మీ ఎదుటే కొట్టించుకోండి. కాస్త ఆగాలి, ఆగండి.

2. తక్కెడ మీద సున్నా చూడండి

ఈ ఒక్క అలవాటు చేసుకుంటే మిగతావి సగం వాటంతట అవే సర్దుకుంటాయి. ఎలక్ట్రానిక్ తక్కెడ తెర మీ వైపు కూడా కనిపించాలి. సరుకు పెట్టకముందు దాని మీద సున్నా ఉండాలి. గిన్నె, పళ్లెం, పెట్టె ఏది పెట్టినా ముందు దాన్ని ఖాళీగా పెట్టి, మీట నొక్కి, మళ్లీ సున్నాకు తెచ్చాకే సరుకు వేయాలి.

అసలు చిక్కు మిఠాయి దుకాణంలో వస్తుంది. అట్టపెట్టెతో కలిపి తూచడం చట్టం ప్రకారం తప్పు, మీరు డబ్బు ఇచ్చేది లోపలి మిఠాయికే. పెట్టె బరువు 80 గ్రాములు, మిఠాయి కిలో 800 రూపాయలు అనుకోండి. అట్టకే 64 రూపాయలు పోయినట్టు. పండగ రోజున ఐదు పెట్టెలు కొంటే 320. మాట మాత్రం చిన్నదే: "అన్నా, పెట్టె పెట్టి ఒకసారి సున్నా చేయండి." పెట్టెను తక్కెడ మీద పెడుతున్నప్పుడే అనాలి. మూత వేసి, రబ్బరు బ్యాండు చుట్టాక అంటే మళ్లీ అంతా విప్పాలి, వెనక నిలబడ్డవాళ్లు మీ వైపు గుర్రుగా చూస్తారు. మంచి దుకాణాల్లో అడగకుండానే చేస్తారు. అలా చేసిన చోట ఆ సంగతి యజమానికి చెప్పండి, పనిచేసే అబ్బాయి వినేలా చెప్పండి.

అదే దుకాణంలో ట్రేల ముందున్న చిన్న చీటీలు కూడా చూడండి. విడిగా అమ్మే మిఠాయిని ఏ తేదీలోపు తినాలో ట్రే దగ్గర రాయాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. చీటీ లేకపోతే "ఇది ఎప్పుడు చేశారు?" అని అడగడం మీ హక్కు. కలాకండ్ లాంటి పాల మిఠాయి ఒకటి రెండు రోజుల్లో తినేయాలి, నేతి లడ్డూ అంతకంటే ఆగుతుంది. దీపావళికి పంచిపెట్టడానికైతే ఆగేవాటినే ఎంచుకోండి.

దుకాణాల్లోని ఎలక్ట్రానిక్ తక్కెడకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ పరీక్ష చేసి ముద్ర వేయాలి. ఆ ధ్రువపత్రాన్ని దుకాణంలో కనిపించేలా పెట్టాలి. మొదటిసారి వెళ్లిన చోట గోడ మీద చూడండి. అనుమానం తీరకపోతే ఇంకో పద్ధతి ఉంది. బరువు అచ్చేసి ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్‌ను అదే తక్కెడ మీద పెట్టమనండి. కవరు బరువు కూడా కలుస్తుంది కాబట్టి కిలోకు అటూ ఇటూగా చూపాలి. దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు నవ్వుతూ అడిగితే ఎవరూ కాదనరు.

పిండి గిర్నీ గురించి ఒక మాట. గింజలు ఇచ్చేటప్పుడూ, పిండి తీసుకునేటప్పుడూ తూచుకోండి. రాళ్ల మధ్య కొంత నిలిచిపోతుంది కాబట్టి స్వల్పంగా తగ్గడం సహజం. మీకంటే ముందు ఎవరు ఏమి పట్టించారో కూడా అడగండి. జొన్నల తర్వాత గోధుమలు పోస్తే మొదటి గుప్పిళ్లలో జొన్న పిండి కలిసి వస్తుంది.

3. ప్యాకెట్ మీద అచ్చేసిన ధరే ఆఖరు

గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దానికి మించి ఒక్క రూపాయి తీసుకున్నా నిబంధనలకు విరుద్ధం. పాల ప్యాకెట్‌కు, చల్లటి నీళ్ల సీసాకు, శీతల పానీయానికి "కూలింగ్ ఛార్జీ" అని రూపాయో రెండో కలిపే అలవాటు మన నగరంలో పాతుకుపోయింది. ఫ్రిజ్ కరెంటు ఖర్చు దుకాణదారుకు నిజమే. కానీ దాన్ని కంపెనీ ఇచ్చే కమీషన్‌లోంచి భరించాలి తప్ప, అచ్చు ధర మీద కలిపి మీ దగ్గర వసూలు చేయడానికి వీల్లేదు. సీసా మూత తీయకముందే ధర చూపించి "అన్నా, దీని మీద 20 ఉంది కదా" అనండి. మూత తీశాక బేరానికి చోటు ఉండదు.

ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద మొత్తం ధరతో పాటు గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా అచ్చేస్తున్నారు. పిల్లల బిస్కెట్లు, సబ్బులు, టీ పొడి కొనేటప్పుడు దాన్నే చూడండి. ధర మార్చకుండా లోపల బరువు తగ్గించినప్పుడు ఈ అంకె బయటపెట్టేస్తుంది.

కిరాణా కొట్టులో బస్తా నుంచి తీసి పాలిథిన్ కవర్లలో కట్టి పెట్టిన పప్పులకు ఏ తేదీ ఉండదు. అలాంటప్పుడు కట్టినది కాకుండా బస్తాలోంచి తూచి ఇమ్మనండి. గుప్పెడు తీసి వాసన చూడండి. వానాకాలంలో కందిపప్పు, రవ్వ, శనగపిండి నెలకు సరిపడా కాకుండా వారానికి సరిపడా కొనడమే మంచిది.

4. వండిన తిండి: కళ్లతో చూసి, నోటితో అడిగి

కర్రీ పాయింట్ల మీద ఆధారపడి బతికేవాళ్లు ఈ నగరంలో లెక్కలేనంతమంది. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పిల్లలు, ఉద్యోగాలు చేసే దంపతులు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు. అందుకే ఈ భాగం శ్రద్ధగా చదవండి.

మొదట వేళ చూసుకోండి. మీ వీధిలో కూరలు ఏ గంటకు దింపుతారో కనుక్కుని ఆ అరగంటలోనే వెళ్లండి. పొద్దున వండిన కూరను సాయంత్రం మళ్లీ వేడి చేసి పెట్టేవాళ్లు ఉంటారు. "ఇది మధ్యాహ్నానిదా, ఇప్పుడు చేసినదా?" అని నేరుగా అడగండి. రోజూ వచ్చేవాళ్లు అడిగితే నిజమే చెబుతారు, ఎందుకంటే మర్నాడు కూడా మీరే రావాలి. పప్పు, సాంబారు, చికెన్ వంటివి పొగలు కక్కుతూ ఉండాలి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న కూర వాసన బాగానే ఉన్నా కడుపుకు మంచిది కాదు.

తర్వాత గిన్నె. మరిగే సాంబారును పల్చటి పాలిథిన్ కవరులో పోయించుకోకండి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు రెండు సంచీలో పెట్టుకోండి. పరిమాణం విషయంలో గొడవ రాకుండా "మీ ప్యాకెట్‌కు ఎన్ని గరిటెలు పోస్తారో అన్నే ఇందులో పోయండి" అని చెప్పండి. డబ్బా పెద్దది కదా అని ఎక్కువ అడగకండి. కవరు, రబ్బరు బ్యాండు, కట్టే శ్రమ మిగులుతాయి కాబట్టి కొన్నాళ్లకు వాళ్లే మీ డబ్బా చూసి సంతోషిస్తారు.

మిర్చి బజ్జీల బండి దగ్గర మూకుడులోకి చూడండి. వేయించిన నూనెలో ధ్రువ పదార్థాలు (నూనెను మళ్లీ మళ్లీ కాచినకొద్దీ పెరిగేవి) 25 శాతం దాటితే ఇక వంటకు వాడకూడదన్నది 2018 జులై 1 నుంచి ఉన్న నిబంధన. దాన్ని కొలిచే పరికరం మన దగ్గర ఉండదు, అయినా కంటికి తెలిసే గుర్తులు ఉన్నాయి: నల్లబడి చిక్కగా కావడం, పైన నురుగు తగ్గకపోవడం, మంట తక్కువున్నా పొగ రావడం, గొంతులో గీరే వాసన. ఇందులో రెండు కనిపిస్తే ఆ రోజుకు బజ్జీ మానేయండి. బజ్జీలు, సమోసాలు అచ్చు కాగితంలో కట్టడం కూడా 2018 నాటి ప్యాకింగ్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. వేడి నూనె తగిలితే సిరాలోని హానికర రసాయనాలు తిండిలోకి దిగుతాయి. బండి అతనికి ఖర్చు పెట్టించకుండా మీ డబ్బా చాపండి, లేదా అరిటాకు ముక్క మీద పెట్టమనండి.

టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ కంటే కొబ్బరి చట్నీని ఎక్కువ అనుమానించాలి. ఎండాకాలంలో పదిన్నర దాటాక పార్సిల్ కట్టించుకుంటే చట్నీ ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. పులుపు తగిలితే అల్లం చట్నీ, కారప్పొడి చాలనండి. షవర్మా, మోమోలతో ఇచ్చే మయోనైజ్ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. కొందరి ప్రాణాల మీదికి వచ్చాక, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ఎక్కడైనా సరే, "గుడ్డు లేనిదేనా?" అని అడిగి, తడబడితే వద్దనండి. పిల్లలకు అసలు పెట్టకండి.

ఇరానీ హోటల్‌లో పెద్దగా చెప్పవలసింది లేదు. ఒక కప్పు చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, లేచేటప్పుడు గల్లా దగ్గర వెయిటర్ చెప్పిన లెక్క. మీరు తిన్నవేమిటో మీరే వరుసగా చెప్పండి, పొరపాటు రెండు వైపులా జరగదు. బిస్కెట్లు ఇంటికి కొంటే మిఠాయి పెట్టె నియమమే దీనికీ వర్తిస్తుంది.

5. బిల్లు, చిల్లర, ఫోను

కూర్చుని తినే హోటల్‌లో బిల్లు వచ్చాక మూడు సంగతులు చూడండి. సర్వీస్ ఛార్జి దానంతటదే కలిపి ఉంటే తీసేయమనండి. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ దాన్ని తప్పనిసరి చేయకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. జీఎస్టీ వసూలు చేస్తే జీఎస్టీ నంబరు ఉండాలి. కాంపొజిషన్ పథకంలో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్నును వ్యాపారే కట్టే ఏర్పాటు) ఉన్న చిన్న హోటళ్లు విడిగా పన్ను వసూలు చేయకూడదు. ఇక ఆహార భద్రత సంస్థ (FSSAI) ఇచ్చే 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు, అది 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద తప్పనిసరి. తేడా వస్తే దాని ఆధారంగానే ఫిర్యాదు చేయాలి కాబట్టి ఫొటో తీసి పెట్టుకోండి.

చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెడితే వద్దనండి. "రాసి పెట్టండి, రేపు కలుపుకుందాం" అంటే సరిపోతుంది. పది రూపాయల నాణేన్ని హైదరాబాద్ దుకాణాల్లో ఇప్పటికీ చాలామంది తీసుకోరు. పద్నాలుగు నమూనాల నాణేలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే స్పష్టం చేసింది. దుకాణదారు భయమల్లా తన దగ్గర పేరుకుపోతాయని. కాబట్టి చిల్లరగా ఆ నాణేలు ఇస్తే మీరూ మారుమాట లేకుండా తీసుకోండి.

యూపీఐలో చెల్లించేటప్పుడు తెర మీద వచ్చిన పేరును పైకి చదవండి. "ఈ పేరేనా?" అంటే అతను తల ఊపాకే మొత్తం కొట్టండి. డబ్బు మీ ఖాతాలోంచి పోయి, దుకాణంలోని స్పీకరు పెట్టె పలకకపోతే వెంటనే రెండోసారి పంపకండి. అతని ఫోనులో చూడమనండి, రాకపోతే నగదు ఇచ్చి లావాదేవీ సంఖ్యను ఫొటో తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20 నాటి ఆదేశం ప్రకారం దుకాణానికి చేరని చెల్లింపు ఐదు రోజుల్లోగా మీ ఖాతాకు దానంతటదే తిరిగి రావాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఉంది.

కిరాణా కొట్టులో నెల ఖాతా ఉంటే చిన్న పుస్తకం ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉంచి, సరుకు తీసుకున్నప్పుడే రెండింటిలో రాయించండి. నెలాఖరున జ్ఞాపకాల మీద లెక్క తేల్చుకోవడం స్నేహాలు చెడగొడుతుంది.

6. ఇంటికి తెచ్చాక తేడా కనిపిస్తే

పాలు విరిగాయి, గుడ్డు కుళ్లింది, బ్రెడ్డుకు బూజు పట్టింది. సరుకు పారేయకండి. ప్యాకెట్, బిల్లు, ఒక ఫొటో తీసుకుని అదే రోజు వెళ్లండి. రద్దీ లేని వేళ చూసి, యజమానితోనే మాట్లాడండి. గల్లా దగ్గర నిలబడ్డ అబ్బాయి చాలాసార్లు ఎక్కడి నుంచో జీతానికి వచ్చినవాడు. మీరు అతని మీద అరిస్తే మీకు కొత్త ప్యాకెట్ రాదు, అతని జీతంలో కోత మాత్రం పడవచ్చు.

మాట ఇలా మొదలుపెట్టండి: "అన్నా, పొద్దున మీ దగ్గర తీసుకున్న పాలు కాచగానే విరిగాయి. ప్యాకెట్ తెచ్చాను, తేదీ చూడండి. మార్చి ఇస్తారా?" ఏమి జరిగింది, ఆధారం ఏమిటి, మీకేమి కావాలి. మూడూ ఇందులోనే ఉన్నాయి. "మీరు ఎప్పుడూ ఇంతే" అన్న మాట మాత్రం వద్దు. చాలామంది మార్చి ఇస్తారు, ఎందుకంటే కంపెనీ వాళ్లు పాడైన ప్యాకెట్లను వెనక్కి తీసుకుంటారు. తిని జబ్బు పడితే దారి వేరు. ముందు వైద్యుడి దగ్గరకు వెళ్లి చీటీ రాయించుకోండి, మిగిలిన తిండిని ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచండి.

7. మాటతో తీరకపోతే

రెండుసార్లు మర్యాదగా అడిగినా అచ్చు ధర మీద వసూలు ఆపకపోతే, తక్కెడ సరిచేయకపోతే ఫిర్యాదు చేయండి. ఇది పగ తీర్చుకోవడం కాదు. మీ తర్వాత వరుసలో నిలబడే ముసలాయన, లెక్క చూసుకోలేని పిల్లవాడు కూడా అదే తక్కెడ ముందు నిలబడతారు.

అన్నిటికీ మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. తూకం, అచ్చు ధర గొడవలైతే తూనికలు కొలతల శాఖ, శుభ్రత, కల్తీ అయితే ఆహార భద్రత అధికారులు. ఆహార భద్రత సంస్థ నడిపే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోతో సహా పంపవచ్చు. ఇవేవీ ఫలించక, నష్టం నిజంగా పెద్దదైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం ఘటన జరిగిన రెండేళ్లలోగా వెళ్లాలి. సరుకుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు.

ఫోను చేసే ముందు కాగితం మీద ఇవి రాసుకోండి: దుకాణం పేరు, వీధి, తేదీ, వేళ, కొన్న సరుకు, అచ్చు ధర, తీసుకున్న ధర, బిల్లు మీది 14 అంకెల నంబరు. బిల్లు ఇవ్వని దుకాణమైతే యూపీఐ రసీదు పనికొస్తుంది. మాట్లాడాక ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యను అదే కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత ఎప్పుడు ఫోను చేసినా ముందు దాన్నే అడుగుతారు.